పట్టుబడిన సొత్తును కోర్టునుండి విడిపించుకొనుట

రైతు సొత్తు రెండు విధములుగా చేజారును. దొంగ ఎత్తుకొనిపోవుట ఒకటి, సర్కారువారు పట్టుకొనిపోవుట రెండవది. దొంగ ఎత్తుకొనిపోయిన నాడు రైతు గోలపెట్టును, ఠాణాకు పరుగెత్తును, నలుగురికిని చెప్పుకొనును. సర్కారువారు పట్టుకొనిపోయిన నాడు మాత్రము నోరుమూసికొని ఇంట కూర్చుండును. ఇంకను చిత్రమేమనగా, దొంగ ఎత్తుకొనిపోయిన మోటారును పోలీసువారు వెదకి పట్టి తెచ్చిన తరువాతకూడ మనవాడు అట్లే కూర్చుండును. ఠాణాలో చేరిన వస్తువు ఇంటికి రాదని అతని నమ్మకము. ఆ నమ్మకము తప్పని చెప్పుటకే ఈ వ్యాసము.

విత్తనము, ఎరువు, పురుగుమందు సంగతులు చెప్పవలసిన వ్యవసాయ ప్రదర్శకునకు కోర్టు వ్యవహారమెందుకని సభ్యులు అడుగవచ్చును. తొలకరి పడిన నాడు ట్రాక్టరు ఠాణా ఆవరణములో నున్నచో సాళ్లలో విత్తు పద్ధతిని నేనెవరికి చూపుదును? మిరప తోటకు తడి ఈయవలసిన వారములో మోటారు మాలుఖానాలో నున్నచో ఎరువు మోతాదు చెప్పి ఏమి ప్రయోజనము? సేద్యమునకు అదను ప్రాణము. అదను దాటిన తరువాత తిరిగివచ్చిన పనిముట్టు, పైరు ఎండిన తరువాత కురిసిన వాన వంటిది. కావున ఈ సంగతియు సేద్యపు సంగతియే.

మొదట మాటలు సరిచేసికొందము. మన గ్రామములలో అన్నిటికిని "జప్తు" అనియే అందురు. కాని ఇందులో మూడు వేరు వేరు సంగతులున్నవి. నేరపు కేసులో సాక్ష్యము కొరకు పోలీసువారు వస్తువును స్వాధీనము చేసికొనుట ఒకటి. దీనిని ఇచట "పట్టుబడి" అందును. అప్పునకో బాకీకో కోర్టువారు సొత్తును కట్టుబాటు చేయుట రెండవది. ఇదియే సరియైన జప్తు. వస్తువుపై యజమానికి హక్కే లేకుండ చేసి సర్కారు పరము చేయుట మూడవది. మొదటి రెండింటిలో సొత్తు ఇంకను మనదే. మూడవది సయితము నోటీసీయక, మన మాట వినక జరుగరాదు. పట్టుబడినంత మాత్రమున పోయినదనుకొనుట, దుక్కిలో విత్తు పడినంత మాత్రమున కుళ్లిపోయినదనుకొనుట వంటిది.

మన పల్నాటివారికి సొత్తు పట్టుబడుట క్రొత్త సంగతి కాదు. నల్లమల అంచున నుండు ఈ ప్రాంతమున పశువుల మేపు చాలవరకు అడవినే నమ్ముకొనియుండెను. అడవులు రిజర్వు అయిన పిమ్మట మేపునకు పుల్లరి కట్టవలసివచ్చెను. పుల్లరి లేని పశువు అడవిలో కనబడినచో బందెలదొడ్డికి తోలుచుండిరి. బందెలదొడ్ల విషయమై 1871వ సంవత్సరములోనే ఒక చట్టము చేయబడెను. పశువును అక్రమముగా పట్టినారని తోచినచో, పట్టిన దినము మొదలు 10 దినములలోపల యజమాని మేజిస్ట్రేటునకు ఫిర్యాదు చేయవచ్చునని అందులో నుండెను. అక్రమమని తేలినచో 100 రూపాయలకు మించని నష్టపరిహారమును, కట్టిన జుల్మానాయు, ఖర్చులును పట్టినవానినుండి ఇప్పింపవలెననియు, పశువు ఇంకను దొడ్డిలోనే యున్నచో విడుదల చేయింపవలెననియు నుండెను. అనగా పట్టుబడిన సొత్తుకై మేజిస్ట్రేటును అడుగు హక్కు దొరల కాలముననే కాగితముపై కలదు.

కాని ఆ చట్టముననే మరియొక నియమము కూడ నుండెను. దొడ్డిలో చేరిన 7 దినములలో ఎవరును రానిచో ప్రకటన వేయుదురు. ప్రకటన వేసిన తరువాత మరి 7 దినములు గడచినచో వేలము. ఇక మేత ఖర్చు దినదినమును పెరుగుచుండును. ఇట్టి స్థితిలో దుక్కిటెద్దును దొడ్డిలో నుంచి కచేరి చుట్టు తిరుగగల రైతెవ్వడు? అప్పు చేసియైనను జుల్మానా కట్టి తోలుకొనిపోవును గాని ఫిర్యాదునకు నిలువడు. హక్కు నీయుట ఒకటి, ఆ హక్కును వాడుకొనుటకు వ్యవధియు ఊపిరియు నిచ్చుట మరియొకటి. పేదవాని విషయములో చట్టములు తరుచు తప్పునది ఈ రెండవదానియందే.

ఆ ఉక్కపోత 1921వ సంవత్సరములో బయటపడెను. సహాయ నిరాకరణోద్యమ దినములలో పల్నాటి రైతులు పుల్లరి కట్టము పొమ్మనిరి. అటవీ ఉద్యోగులకు గ్రామములలో సామాన్లు పుట్టకుండ చేసిరి. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారును, మాడభూషి వేదాంతము నరసింహాచార్యులుగారును ఈ ప్రాంతమునకు వచ్చి నిర్బంధింపబడిరి. 1922 ఫిబ్రవరి నెలలో మించాలపాడు కడ కన్నెగంటి హనుమంతు పోలీసు గుండ్లకు బలియయ్యెను. ఆ దినములలోనే మన గుంటూరు సీమయందలి పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున రైతులు శిస్తు నిలిపివేసిరి. సర్కారువారు ఇండ్లలోని సామానును, పశువులను జప్తుచేసిరి. కాని వేలమునకు పాడువారు దొరకరైరి. ఊరంతయు ఒక్కమాటపై నుండుటయే ఆ రైతులకున్న బలము. కోర్టువలన వారికి ఆశ లేకుండెను.

ఈ పాత కథను తలచుట ఉద్రేకము కొరకు కాదు. నాడు మన పెద్దలకు ఐకమత్యము కలదు, అనుకూలమగు చట్టము లేదు. నేడు మనకు చట్టము కలదు, కాని ఠాణా మెట్టు వద్దకు పోవునప్పటికి ప్రతివాడును ఒంటరియగును. ఈ రెండును కలిసినగాని పని జరుగదు. చట్టమెట్లున్నదో మొదట చూతము.

1973వ సంవత్సరపు క్రిమినలు ప్రొసీజరు కోడునకు బదులుగా 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. పట్టుబడిన సొత్తును కేసు నడుచుచుండగా ఎవరివద్ద నుంచవలెనో చెప్పునది అందలి 497వ సెక్షను. పాత కోడులో ఇది 451వది. సొత్తును ఇంకను కోర్టులో దాఖలు చేయక పోలీసువారియొద్దనే యున్నపుడు అర్జీ పెట్టుకొనవలసినది 503వ సెక్షను క్రింద, పాతది 457. విచారణ ముగిసిన తరువాత ఎవరికి చెందవలెనో చెప్పునది 498వది, పాతది 452. ఈ అంకెలను సభ్యులు కంఠస్థము చేయనక్కరలేదు. సంఘ కార్యాలయపు గోడపై వ్రాసియుంచిన చాలును.

ఇంతకంటె ముఖ్యమైనది క్రొత్త సంహితలో చేరిన గడువు. సొత్తు కోర్టు ముందు పెట్టబడిన 14 దినములలోపల మేజిస్ట్రేటు దాని వివరములతో పట్టిక తయారుచేయవలెను. ఫొటోలు, అవసరమైనచో వీడియోయు తీయింపవలెను. ఆ తరువాత 30 దినములలోపల ఆ సొత్తును ఎవరికి అప్పగించవలెనో, ఏమి చేయవలెనో ఉత్తర్వు చేయవలెను. ఆ పట్టికయు, ఫొటోలును విచారణలో సాక్ష్యముగా పనికివచ్చునని సంహితయే చెప్పుచున్నది. "వస్తువు సాక్ష్యము, కేసు తేలువరకు కదల్పరాదు" అను మాటకు ఇకమీదట బలము తక్కువ. ఇంతేకాదు, సోదాయు పట్టుబడియు జరుగునపుడు, పట్టిక వ్రాయుటయు సాక్షుల సంతకములును సహితముగా దృశ్య శ్రవణ రూపమున రికార్డు చేయవలెనని 105వ సెక్షను చెప్పుచున్నది. సెల్‌ఫోను చాలును. ఏ వస్తువు ఏ స్థితిలో పట్టుబడినదో తరువాత వాదులాడుకొన నక్కరలేదు.

ఈ గడువులు ఆకాశమునుండి ఊడిపడలేదు. సుప్రీముకోర్టు 2002 అక్టోబరు 1వ తేదీన, గుజరాతునుండి వచ్చిన సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి వ్యాజ్యములో, పట్టుబడిన వస్తువులను ఠాణాలలో దీర్ఘకాలముంచరాదనియు, 15 దినములు మొదలు ఒక నెలకు మించరాదనియు చెప్పినది. వాహనములను ఠాణాలలో పడవేసి పాడుచేయుటవలన ఎవరికిని లాభము లేదనియు, ఫొటోలు తీసి, పంచనామా వ్రాసి, తగిన పూచీకత్తు పుచ్చుకొని యజమానికీయవలెననియు త్రోవ చూపినది. అంతకు పూర్వము 1977లో, మైసూరు రాష్ట్రమునకు చెందిన ఒక వ్యాజ్యమునందు, దొంగలనుండి దొరికిన నగలు పోలీసు కాపుదలలోనే మాయమైనపుడు, సొత్తుగల స్త్రీకి వాని విలువ 10,000 రూపాయలు రాష్ట్రమే చెల్లింపవలెనని ఆ కోర్టు తీర్మానించినది. సర్కారు చేతిలోనున్న మన వస్తువునకు సర్కారు కాపలాదారే గాని యజమాని కాదని దీని భావము.

ఇక రైతులకు తరుచు తగులు సందర్భము చూతము. నాగార్జునసాగరు కుడికాలువ క్రిందనేమి, బోర్ల క్రిందనేమి, మోటార్లును రాగితీగయు దొంగల పాలగుట మనకు తెలియని సంగతి కాదు. దొంగ దొరికి, మోటారు దొరికినదనుకొందము. పోలీసువారు కబురుపెట్టుదురు. రైతు పోయి "అది నాదే" అని గుర్తుపట్టును. ఇక రేపోమాపో ఇత్తురని తలచి వచ్చివేయును. అచటనే కథ నిలిచిపోవును. గుర్తుపట్టుట సాక్ష్యము మాత్రమే. అడుగుట అర్జీవలన కావలెను. కోర్టునకు అర్జీ పెట్టనిదే కోర్టు ఉత్తర్వు రాదు, ఉత్తర్వు రానిదే మాలుఖానా తలుపు తెరవబడదు. యజమాని యెవరో తెలియని వస్తువునకు మేజిస్ట్రేటు ప్రకటన వేసి 6 నెలలు గడువిచ్చును. ఆ లోపల ఎవరును వచ్చి హక్కు చూపనిచో అది రాష్ట్ర ప్రభుత్వమునకు పోవచ్చును. మన మౌనమునకు ధర అదియే.

అర్జీ పెద్ద విద్య కాదు. కేసు నడచు ప్రాంతముపై అధికారముగల మేజిస్ట్రేటు కోర్టునకు వ్రాయవలెను. మనకు నరసరావుపేటలోను, గురజాలలోను, మాచర్లలోను కోర్టులున్నవి. అర్జీలో ఉండవలసిన సంగతులివి. ఠాణా పేరు, క్రైము నంబరు, సెక్షనులు. వస్తువు పట్టుబడిన తేదీ, స్థలము, మధ్యవర్తుల నివేదికలో దాని వరుస సంఖ్య. వస్తువు గుర్తులు: వాహనమైనచో రిజిస్ట్రేషను, ఇంజను, ఛాసీ నంబర్లు, మోటారైనచో కంపెనీ, హార్సుపవరు, నంబరు, పశువైనచో వన్నె, కొమ్ములు, వయస్సు, చెవిపోగు సంఖ్య. అది తనదని చూపు కాగితములు: రిజిస్ట్రేషను పుస్తకము, భీమా, కొన్న రసీదు, సంత చీటి. అది లేక జరుగుచున్న నష్టము: ఏ పైరు, ఎన్ని ఎకరములు, ఎన్ని దినములలో పని కావలెను. చివరకు మూడు ఒప్పుదలలు: వస్తువును అమ్మను, రూపు మార్చను, కోర్టు పిలిచినపుడు తెచ్చి చూపుదును. ఇంతే.

నష్టమును గూర్చిన సంగతిని మనవారు అర్జీలో వ్రాయించరు. వ్రాయింపవలెను. "నాకు చాల ఇబ్బందిగా నున్నది" అని వ్రాసిన మాటకును, "4 ఎకరముల మిరపకు ఈ వారము నీరు పెట్టనిచో పూత రాలును" అని వ్రాసిన మాటకును గల భేదము ఏ న్యాయాధికారికైనను తెలియును. పట్టణములో కూర్చుండు మేజిస్ట్రేటునకు మన అదను మనము చెప్పనిదే ఎట్లు తెలియును? ఈ విషయములో సంఘ కార్యదర్శియైనను, మావంటి వ్యవసాయశాఖవారైనను పంట స్థితిని గూర్చి ఒక చీటి వ్రాసి యిచ్చుట న్యాయము.

అర్జీ అందిన పిమ్మట కోర్టువారు పోలీసువారి అభిప్రాయము అడుగుదురు; ప్రభుత్వ ప్లీడరు ఆక్షేపణ చెప్పవచ్చును. ఆక్షేపణ చెప్పినారని బెదరరాదు. అది వారి పని. ఉత్తర్వైనచో పూచీకత్తు వ్రాయవలెను. ఇచట మనవారికొక భ్రమ కలదు. 3 లక్షల పూచీకత్తనగానే 3 లక్షలు రొక్కము కట్టవలెనని తలచి వెనుదిరుగుదురు. పూచీకత్తనగా మాట తప్పినచో అంత సొమ్ము ఇచ్చుకొందునను వ్రాతయే గాని రొక్కము కాదు. దానికి జామీనుదారులు కావలసియుండును. రొక్కము కట్టుమని ఉత్తర్వులో స్పష్టముగా నున్నపుడే కట్టవలెను. అది మోయలేని భారమైనచో తగ్గింపుమని మరల అడుగవచ్చును. అర్జీ కొట్టివేసినను పై కోర్టునకు పోవు దారి కలదు.

మన గ్రామములలో అర్జీకి అడ్డువచ్చు మాటలు మూడు. మొదటిది, "ప్లీడరు ఫీజు వస్తువు ఖరీదు కంటె ఎక్కువ" అనునది. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, వికలాంగులకును, తక్కువ ఆదాయముగలవారికిని 1987వ సంవత్సరపు చట్టము ప్రకారము న్యాయసేవాధికార సంస్థలు ఉచితముగా ప్లీడరును ఏర్పాటు చేయును. కోర్టు ఆవరణములోనే ఆ కార్యాలయముండును. 15100 నంబరునకు ఫోను చేసినను దారి చెప్పుదురు. రెండవది, "కోర్టుకు పోయినచో ఠాణావారికి కోపము వచ్చును" అనునది. ఇది తలక్రిందుల మాట. కోర్టు ఉత్తర్వు లేక వస్తువును వదలిన ఉద్యోగికి రేపు చిక్కు రావచ్చును. ఉత్తర్వున్నచో అతనికిని భారము తీరును. మూడవది, "ఫలానా పెద్దమనిషి చెప్పిన చాలును" అనునది. అన్నిటికంటె చేటు ఈ మాటయే. పెద్దమనిషి చెప్పి విడిపించిన ట్రాక్టరు కాగితములలో ఠాణాలోనే యుండును. విచారణ నాడు అది ఏదని కోర్టు అడిగినచో సమాధానము చెప్పవలసినది రైతే. పైగా పెద్దమనిషి చేసిన ఉపకారము ఎన్నికల నాడు వడ్డీతో వసూలగును. అర్జీకి అట్టి వడ్డీ లేదు.

ఇక రెండవ పక్షమును దాచరాదు. అన్ని పట్టుబడులకును ఈ ఒక్క ద్వారమే కాదు. ద్వారము తెలియక తప్పు గడప త్రొక్కినచో గడువు వృథాయగును.

అడవి కలపతో పట్టుబడిన బండి విషయము వేరు. 1967వ సంవత్సరపు అటవీ చట్టము ప్రకారము అధికారము పొందిన అటవీ ఉద్యోగి తానే విచారించి వాహనమును సర్కారు పరము చేయగలడు. తనకు తెలియకయే జరిగినదనియు, తానును, తన మనిషియు తగిన జాగ్రత్తలు తీసికొంటిమనియు రుజువుచేయు భారము యజమానిపై నుండును. ఆ ఉత్తర్వుపై జిల్లా కోర్టునకు 30 దినములలోపల అప్పీలు చేసికొనవలెను. చౌకడిపో బియ్యమువంటి నిత్యావసర సరకులతో పట్టుబడిన వాహనము 1955వ సంవత్సరపు చట్టము క్రింద కలెక్టరు విచారణలోనికి పోవును. నోటీసీయక సర్కారు పరము చేయరాదు. అప్పీలునకు గడువు ఒక నెల. బాడుగకు నడుపు వాహనమైనచో దానిని పోగొట్టుకొనుటకు బదులు జుల్మానా కట్టు అవకాశమును ఈయవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. కావున రాత్రివేళ కిరాయికి రమ్మను క్రొత్తవానికి ట్రాక్టరు నిచ్చునపుడు, బండిలో ఏమి యెత్తుచున్నారో చూడుడు. వేయి రూపాయల బాడుగకు లక్షల బండిని పందెమొడ్డుట వివేకము కాదు. కోడిపందెము మూలమున రాజ్యములు మునిగినవని చెప్పుకొను పల్నాటిలోనే నేటికిని పందెపు బరులవద్ద మోటారు సైకిళ్లు పట్టుబడుట విచారకరము.

సంతనుండి తోలుకొనివచ్చు పశువులు క్రూరత్వ నివారణ చట్టము క్రింద పట్టుబడినచో, కేసు నడుచుచుండగా అవి యజమానికే చేరవలెనను నియమము లేదని సుప్రీముకోర్టు 1998లో చెప్పినది. పశువుల స్థితిని, నేరము స్వభావమును, అది మొదటి నేరమా కాదా యనుదానిని చూచి మేజిస్ట్రేటు నిర్ణయించును. వానిని గోశాలలో నుంచినచో పోషణ ఖర్చుకూడ పైబడవచ్చును. సంత చీటి జేబులో నుంచుకొని, బండిలో పశువులను కుక్కక తెచ్చుకొనిన రైతునకు ఈ చిక్కు రాదు, వచ్చినను నిలువదు.

అప్పు డిక్రీలో సొత్తు జప్తైనపుడు దారి సివిలు కోర్టునకు. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను రైతునకు గొప్ప రక్షణ నిచ్చినది. సేద్యపు పనిముట్లును, జీవనమునకు అవసరమని కోర్టు తలచిన పశువులును, విత్తనపు గింజలును, రైతు కాపురముండు ఇల్లును డిక్రీ క్రింద జప్తు చేయరాదు. కాని "ఇవి జప్తునకు రావు" అని రైతే చెప్పవలెను, అమీనా చెప్పడు. అన్న అప్పునకు తమ్ముని బండిని జప్తుచేసినచో, 21వ ఆర్డరు 58వ రూలు క్రింద తమ్ముడు హక్కు అర్జీ పెట్టవచ్చును. వేలము ముగిసినదాక ఊరకుండి తరువాత వచ్చినచో ఆ అర్జీ వినబడదు. కావలెనని ఆలస్యము చేసినాడని తోచినను కోర్టు త్రోసివేయవచ్చును.

ఇన్ని ద్వారములలోను ఒక్క సూత్రమే కనబడుచున్నది. ప్రతి చట్టమును అడిగినవాని మాట వినుటకు చోటిచ్చినది. ఏ చట్టమును అడుగనివాని ఇంటికి వస్తువును మోసికొనిరాదు. ప్రతిచోట గడువు కలదు. గడువనగా విత్తు అదను వంటిది. దాటిన తరువాత ఎంత మంచి విత్తు చల్లినను మొలవదు.

సర్కారువారి యందలి లోపమును కూడ చెప్పుట న్యాయము. చట్టములో 14 దినములు, 30 దినములు అని వ్రాయుటతో పని తీరదు. మా ఉద్యోగములో మండలములు తిరుగునపుడు, ఠాణా ప్రహరీ ప్రక్కన టైర్లు కుంగి, సీట్లు చినిగి, పిచ్చిమొక్కలు మొలచిన వాహనములను ప్రయాణికులందరును చూచునట్లే నేనును చూచుచున్నాను. ప్రతి వాహనము వెనుకను ఒక కుటుంబపు అప్పు కలదు. యజమాని తెలిసియున్నపుడు, "మీ వస్తువు మావద్ద నున్నది, ఫలానా కోర్టులో అర్జీ పెట్టుకొనుడు" అని తెలుగులో ఒక చీటి యిచ్చుట పోలీసువారికి కష్టము కాదు. పోలీసు నివేదికకై అర్జీని వాయిదాపై వాయిదా వేయుట మానవలెను. సేద్యపు పనిముట్ల అర్జీలను వానాకాలపు, యాసంగి పనుల నెలలలో ముందుగా విచారించు పద్ధతి ఏర్పడవలెను. పూచీకత్తు మొత్తము వస్తువు నేటి విలువను బట్టి యుండవలెనే గాని యజమాని భయమును బట్టి యుండరాదు.

అయినను సర్కారు మారునంతవరకు మనము చేతులు ముడిచికొని కూర్చుండ నక్కరలేదు. సహకార సంఘమనగా అప్పు ఇచ్చి పుచ్చుకొను కొట్టు మాత్రమే కాదు. ఒంటరివానికి తోడు నిలుచుటకే అది పుట్టినది. ఈ విషయములో ప్రతి సంఘమును నాలుగు పనులు చేయవలెనని నా మనవి.

మొదటిది, సంఘములో సొత్తు పుస్తకము నొకదానిని పెట్టవలెను. ప్రతి సభ్యుని మోటారు, ఇంజను, ట్రాక్టరు నంబర్లును, పశువుల గుర్తులును, రసీదు నకళ్లును, ఫొటోలును అందులో చేర్చవలెను. మోటారుపై సభ్యుని పట్టా నంబరును చెక్కించినచో ఇంకను మేలు. దొంగకు అమ్ముట కష్టము, మనకు రుజువు సులభము.

రెండవది, అర్జీ నమూనాను తెలుగులో అచ్చువేయించి సంఘములో నుంచవలెను. ఖాళీలు నింపి ప్లీడరునొద్దకు పోయినచో సగము పని తీరినట్లే.

మూడవది, జామీనుదారుల పట్టిక. సంఘము తన పేర జామీను నిలుచుటకు నిబంధనలు ఒప్పకపోవచ్చును. సభ్యులు ఇద్దరు తమంతట తాము నిలుచుటకు ఏ నిబంధనయు అడ్డురాదు. గ్రామమునకు పదిమంది "న్యాయమైన అర్జీకి మేము నిలుతుము" అని ముందే పేరు లిచ్చియున్నచో, జామీను దొరకక వస్తువు నిలిచిపోవు దుస్థితి తప్పును. అయితే పక్షము చూచి, కులము చూచి, కక్ష చూచి జామీను నిలుచుట మొదలుపెట్టినచో పట్టిక చించివేయుటయే మేలు.

నాలుగవది, విడిపించుకొని వచ్చిన సభ్యునిపై సంఘము కన్నుంచవలెను. కోర్టు మాటపై ఇంటికి వచ్చిన వస్తువును అమ్ముకొనినవాడు తన జామీనుదారుల గొంతు కోసినవాడగును. అంతకంటె, రేపు అర్జీతో పోవు మరియొక రైతు మాటకు విలువ లేకుండ చేసినవాడగును.

సభ్యులారా! పుల్లరి నాటి పెద్దలు తమ పశువులను తాము అడుగుటకై ప్రాణముల నొడ్డవలసివచ్చెను. నేడు మన నడుగుచున్నది ఒక కాగితము, రెండు సంతకములు, నాలుగు ప్రయాణములు. ఇంతమాత్రము శ్రమకు వెనుదీసి, మన మోటారు మాలుఖానాలో తుప్పుపట్టుచుండగా అద్దె మోటారునకు అప్పుచేయుట తగదు. అర్జీ పెట్టుట యాచన కాదు. మన వస్తువును మనకిమ్మని, చట్టము చెప్పినచోట, చట్టము చెప్పిన గడువులో అడుగుట. వచ్చు మహాజన సభకు ప్రతి సభ్యుడును తన మోటారు నంబరు వ్రాసికొని రావలెను. సొత్తు పుస్తకపు మొదటి పుట ఆ దినముననే నిండవలెను.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు